'బాడీలు' ఫోల్డరు

ఫిబ్రవరి 11, మంగళవారం

కంప్యూటర్ చచ్చింది.

చచ్చిందంటే పూర్తిగా చావలేదు. ఆన్ అవుతుంది, నీలం తెర వస్తుంది, చుక్కలు గుండ్రంగా తిరుగుతాయి, మార్పులు వెనక్కి తీసుకుంటున్నాం, ఆపొద్దు అని ఇంగ్లీషులో బతిమాలుతుంది, ఆరిపోతుంది. మళ్లీ దానంతటదే లేస్తుంది, మళ్లీ అదే ఏడుపు. పొద్దున్నుంచీ ఇదే తంతు.

నిన్న షాపు కట్టేసేటప్పుడు అప్‌డేట్ చేసుకుని ఆగనా అని అడిగింది. చేసుకో, నాదేం పోయింది అన్నాను. సరిగ్గా దాని మధ్యలో కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో పాడైంది. మార్చాలి మార్చాలి అనుకుంటూనే ఉన్నాను. బిట్రగుంటలో కరెంటు పోవడం కొత్తా, నేను పనులు వాయిదా వెయ్యడం కొత్తా.

చేతులు ఊరికే ఉండటం లేదు. ఎరువుల కొట్టువాళ్లు ఇచ్చిన డైరీ ఖాళీగా కనపడితే రాస్తున్నాను. చేత్తో రాసి ఎన్నేళ్లయిందో, నా అక్షరాలు చూస్తే నాకే నవ్వొస్తోంది.

పోయేదేమీ లేదు. కస్టమర్ల పనులన్నీ డి డ్రైవ్‌లో ఉన్నాయి. డెస్క్‌టాప్ మీద ఉన్నది ఒక్క ఫోల్డరు, దానికీ కాపీ ఉంది. పెన్‌డ్రైవ్‌లో వేసుకున్నాను. నాకు బాగా గుర్తుంది.

ఫిబ్రవరి 12, బుధవారం

మళ్లీ ఆన్ చేసి చూశాను. అదే తంతు. పెన్‌డ్రైవ్ సొరుగులోనే ఉంది, చూశాను.

ఫిబ్రవరి 13, గురువారం

కంప్యూటర్లు బాగుచేసే ముఖేష్‌కు ఫోన్ చేశాను. కావలిలో ఏదో స్కూలు కంప్యూటర్లు పట్టుకుని కూర్చున్నాడట. శనివారం వస్తాను, అప్పటిదాకా ముట్టుకోవద్దక్కా అన్నాడు. ముట్టుకోక హారతివ్వాలా దానికి. శివరాత్రి ఫ్లెక్సీలకోసం వచ్చినవాళ్లు తెర చూసి, నన్ను చూసి, కావలి దారి పడుతున్నారు.

మధ్యాహ్నం జువ్వలదిన్నె నుంచి మాలకొండమ్మ వచ్చింది. ఒకప్పుడు మా రైల్వే కాలనీకి చేపల గంప తెచ్చేది, మా ఆయన జడ్సన్‌తో బేరానికి దిగేది. కొడుకు మధుబాబు కొత్త పడవ కట్టించాడట. మార్చి ఆరున నీళ్లలోకి దించుతారు. ఆరోజు ఒడ్డున వాళ్ల నాయన పెంచలయ్య ఫోటో పెద్దదిగా పెట్టాలని ఆమె కోరిక. ఆయన పోయి ఎనిమిదేళ్లయింది. ఇంట్లో గోడమీది పటం మొన్నటి తుఫానుకు చెమ్మెక్కి పాడైపోయిందట.

"మీ ఆయనే గదమ్మా చేసిచ్చినాడు. మీ మిషన్లో ఉంటది, మళ్లీ తీసియ్యి" అంది.

ఊళ్లో అందరి నమ్మకమూ ఇదే. జడ్సన్ ఒకసారి ఫోటో చేశాడంటే ఆ మనిషి ఇక మా మిషన్లోనే కాపురం. ఉంటుందిలే అక్కా, తీసిస్తానన్నాను. ఆమె పోతూ పోతూ గోడమీద జడ్సన్ ఫోటో చూసింది. నల్లకోటు, ఎర్ర టై. ఆ కోటును ఎగాదిగా చూసి వెళ్లింది.

ఆ కోటు నాకూ గిట్టదు. ఆ మనిషి బతికుండగా కోటు తొడిగిన పాపాన పోలేదు. పోయిన రోజు నాకు చేతులాడలేదు, చర్చివాళ్లే కావలిలో చేయించుకొచ్చారు. ముఖం బ్యాంకు పాస్‌బుక్కు కోసం దిగిన ఫోటోలోది. మెడ కింద ఎవడో. రెండేళ్లుగా ఎవడి కోటులోనో నిలబడి నావైపు చూస్తున్నాడు. మార్చాలి. ఆయన బాడీలన్నీ ఆ ఫోల్డరులో ఉన్నాయి. తెల్లచొక్కాది తీసి, ఈ ముఖం కింద పెడితే అరగంట పని. కంప్యూటర్ బాగవగానే మొదట చేసేది అదే.

ఈ మాట కిందటి క్రిస్మస్‌కూ అనుకున్నాను. అంతకుముందు ఈస్టర్‌కూ అనుకున్నాను.

ఫిబ్రవరి 15, శనివారం

ముఖేష్ వచ్చాడు. పెట్టె విప్పి, దుమ్ము ఊది, నల్ల తెరల్లో ఏవేవో కొట్టి, మధ్యాహ్నం దాకా దాంతో కుస్తీపట్టాడు. చివరికి చేతులెత్తేశాడు. విండోస్ తీసేసి మళ్లీ ఎక్కించాల్సిందేనన్నాడు.

అడిగాడు. అడగలేదని నేనెప్పుడూ అనను.

"సి డ్రైవ్ మొత్తం తుడిచేస్తానక్కా. డెస్క్‌టాప్ మీద ఏమన్నా ఉండాదా? ఉంటే ఇప్పుడే చెప్పు, ముందు బయటికి తీస్తా. ఇంకో పూట పడతది, అంతే."

బల్లమీద ఫ్లెక్సీలవాళ్లు ఇద్దరు కూర్చుని వింటున్నారు. ఏముందని చెప్పను. మా ఆయన బాడీలున్నాయి, జాగ్రత్తగా తియ్యి నాయనా అని చెప్పనా? ఏమీ లేదులే, ఉన్నదానికి కాపీ ఉంది అన్నాను.

తుడిచేశాడు. తర్వాత అది పెళ్లిచూపులకు వచ్చినవాళ్లలాగా ఒక్కొక్కటే అడగడం మొదలుపెట్టింది. దేశం ఏది, భాష ఏది, కీబోర్డు ఏది, పేరేమిటి. పేరు దగ్గర ముఖేష్ ఆగి నావైపు చూశాడు. ఇదివరకు జడ్సన్ అని ఉండేది. పొద్దున్నే ఆన్ చేస్తే జడ్సన్‌కు స్వాగతం అనేది, ఆయన పోయాక కూడా. నేను మార్చలేదు. కరుణాకుమారి అని కొట్టమన్నాను. అన్నాక నీళ్లు తాగే వంకతో లోపలికి వెళ్లాను.

ఫిబ్రవరి 16, ఆదివారం

చర్చి నుంచి నేరుగా షాపుకొచ్చాను. కొత్త తెర బోసిగా ఉంది. చెత్తబుట్ట బొమ్మ ఒక్కటే ఓ మూల.

పెన్‌డ్రైవ్ పెట్టాను. 'బాడీలు' ఉంది. పసుపు రంగు ఫోల్డరు బొమ్మ, కింద మూలన చిన్న బాణం గుర్తు. నొక్కాను. ఈ షార్ట్‌కట్ చూపించే చోటు ఇప్పుడు లేదు అంది. మళ్లీ నొక్కాను. సైజు చూశాను. ఒక్క కేబీ.

షార్ట్‌కట్. ఫోల్డరు కాదు, ఫోల్డరుకు దారి. ఇరవై రెండేళ్లుగా కంప్యూటర్ ముందు కూర్చున్నదాన్ని. నేర్చుకోవడానికి వచ్చిన ప్రతివాళ్లకూ బాణం గుర్తుంటే అది అసలుది కాదమ్మా అని పాఠం చెప్పినదాన్ని. ఆ బాణాన్నే పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, రెండేళ్లు సొరుగులో భద్రంగా దాచుకున్నాను.

మా అమ్మాయి ఏంజెలిన్ నెల్లూరు నుంచి ఫోన్ చేసింది. బాగానే ఉన్నానని చెప్పాను.

ఫిబ్రవరి 17, సోమవారం

షాపు తెరవలేదు. తలనొప్పి అని చెప్పాను.

ఫిబ్రవరి 18, మంగళవారం

ముఖేష్‌ను మళ్లీ పిలిపించాను. ముఖ్యమైన ఫోటోలని మాత్రం చెప్పాను. చాలాసేపు చూశాడు. పాత డిస్కయితే గీకి గీకి ఏదో ఒకటి తీసేవాణ్ణి, ఇది కొత్తరకం డిస్కు, తుడిస్తే తుడిచినట్టేనక్కా అన్నాడు. స్పీడుగా ఉంటుందని ఈ కొత్తరకం పెట్టించుకున్నదీ నేనే. ఎవరు తరిమారో నన్ను.

"అడిగినా గదక్కా" అన్నాడు, నేలచూపులు చూస్తూ. అడిగావు నాయనా, తప్పు నీది కాదన్నాను. టీ తెప్పిస్తే తాగకుండానే పోయాడు.

ఫోల్డరు పోయింది. అందులో ఏముందో నాకు తెలుసు కదా, అదన్నా రాసి పెట్టుకుంటాను.

మా పెళ్లయిన మరుసటి ఏడు. జడ్సన్ వాళ్ల నాన్న లోకోషెడ్డులో ఆఖరి రోజులు చేస్తున్నారు, కాలనీ క్వార్టర్సులోనే అందరం. జడ్సన్ అప్పుడే ఈ షాపు పెట్టి, హెబ్రోను డిజిటల్స్ అని బోర్డు రాయించి, కంప్యూటర్ కొన్నాడు. దాని ఆన్ అయ్యే సంగీతం కోసమే పక్క క్వార్టర్సు వాళ్లు వచ్చి కూర్చునేవాళ్లు. తెరమీద పచ్చటి గడ్డి దిబ్బ చూసి మా అత్త ఇది ఏ ఊరని అడిగింది.

వచ్చే పనల్లా సముద్రపు ఊళ్లది. ఎవరైనా పోతే పటం కట్టించాలి. వాళ్ల దగ్గరేమో ఫోటో ఉండదు. ఓటరు కార్డు తెచ్చేవాళ్లు, పెళ్లి గుంపులో ఓ మూలన ఉన్న తలకాయ చూపించేవాళ్లు, పడవమీద చొక్కా లేకుండా వల సర్దుకుంటున్నది తెచ్చేవాళ్లు. ముఖం ఉండేది, చొక్కా ఉండేది కాదు. చొక్కా తొడిగి ఇవ్వమ్మా అని అడిగేవాళ్లు. మొదట్లో జడ్సన్ పత్రికల్లోంచి సినిమావాళ్ల బాడీలు తీసి అతికించాడు. మా నాయనకు ఇంత ఛాతీ యాడిది అని ఒకాయన తిరగ్గొట్టాడు.

అప్పుడు తనే నిలబడదామనుకున్నాడు. క్వార్టర్సు వెనక పెరట్లో తీగకు నీలం దుప్పటి కట్టి, కెమెరా నా చేతికిచ్చాడు. కెమెరా పట్టుకోవడం నాకదే మొదలు. తెల్లచొక్కాతో నిటారుగా నిలబడ్డాడు. కుర్చీలో మోకాళ్లమీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. పక్కింటి రంగనాయకులుగారి పట్టుపంచె అడిగి తెచ్చి కట్టుకుని, చేతులు జోడించాడు. నాకు నవ్వాగలేదు, కెమెరా ఊగిపోతోంది.

"నవ్వబాక. నేను చచ్చిపోయిన మనిషిని, మర్యాదగా తియ్యి" అన్నాడు.

ఆడవాళ్లకు నన్ను నిలబెట్టాడు, నా పెళ్లిపట్టుచీరలో. జంటగా ఫోటోలేని ముసలివాళ్లకోసం ఇద్దరం పక్కపక్కన నిలబడి, గూడ్సు బండి పోయేదాకా ఆగి, టైమరు పెట్టి దిగాం. తర్వాత కూర్చుని అన్నింటికీ తలలు చెరిపేశాడు. మెడ దాకా ఉంచి, పైన ఖాళీ. ఒక్కటన్నా తలతో ఉంచొచ్చు కదా అన్నాను.

"తలకాయ ఎందుకు? దాన్ని రోజూ చూస్తానే ఉండావు గదా" అన్నాడు.

అదీ 'బాడీలు' ఫోల్డరు. జువ్వలదిన్నె గోడలనిండా జడ్సనే, ముఖాలు మాత్రం వేరేవాళ్లవి. పంచె కట్టి చేతులు జోడించిన ఈ క్రైస్తవుడు ఎన్ని ఇళ్లలో అగరొత్తులు పీల్చాడో. పాస్టరుగారికి తెలిస్తే ఏమంటారని నేను బెదిరిస్తే, ముఖం నాది కాదు గదా అని తప్పించుకునేవాడు.

పెళ్లి ఆల్బమ్ ఉంది. అందులో దండల వెనక తల వంచుకుని ఎవరో పెళ్లికొడుకు. ఫోన్లో ఉన్నవి సగం వేరేవాళ్ల భుజం వెనక, సగం ఏంజెలిన్ వేలి వెనక. ఈ ఫోల్డరులో ఉన్నవి నేను తీసినవి. నన్ను చూస్తూ నిలబడినవి. రోజూ సాయంత్రం దాన్ని తెరిచి, ఆ మెడలమీద అప్పటి తలను ఊహించుకుని, మూసేసి ఇంటికి పోయేదాన్ని. అరగంట పని రెండేళ్లు చేయలేదంటే, చేసేస్తే ఇక తెరవడానికి వంక ఉండదని. ఇవాళ రాసుకుంటున్నాను. నాకు ఆ ఫోటోలు కావాలి. కస్టమర్లకు కాదు, నాకు.

ఫిబ్రవరి 20, గురువారం

తెలుగు ఫాంట్లు లేక డి డ్రైవ్‌లో పాత పెళ్లికార్డులన్నీ ఇంగ్లీషు పిచ్చిగీతల్లా కనపడుతున్నాయి. జడ్సన్ పాత సీడీ అటకమీద దొరికింది. ముఖేష్ ఎక్కడి నుంచో సీడీలు ఆడే పెట్టె తెచ్చి ఎక్కించాడు. రెప్పపాటులో చిరంజీవులూ చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతులూ అందరూ లేచి కూర్చున్నారు. ఎంత సంతోషమేసిందో. వేళ్లు చూడకుండానే కొట్టాయి.

పెంచలయ్యకోసం డి డ్రైవ్ అంతా వెతికాను. లేడు. జడ్సన్ చేసిన పటాలు కూడా బాడీల ఫోల్డరులోనే పెట్టుకునేవాడు. జువ్వలదిన్నె వెళ్లి, ఉన్న పటాన్నే చూసి రావాలి.

ఫిబ్రవరి 22, శనివారం

షేర్ ఆటోలో జువ్వలదిన్నె వెళ్లాను. జడ్సన్ ఉండగా ఫ్రేములు ఒళ్లో పెట్టుకుని బండి వెనక కూర్చుని వెళ్లేదాన్ని. ఆయన పోయాక వెళ్లడం ఇదే మొదలు.

మాలకొండమ్మ ముందుగదిలో గోడకు పటం ఉంది. చెమ్మ పైనుంచి దిగింది. ముఖం ఉండాల్సిన చోట గోధుమరంగు మరక. కళ్లు లేవు, మీసం లేదు. నుదురు ఎక్కడుంటుందో అక్కడ అద్దంమీద కుంకుమబొట్టు. గడ్డం కింద నుంచి మాత్రం చెక్కుచెదరలేదు. తెల్లచొక్కా. పై గుండీ పెట్టలేదు, ఎప్పుడూ పెట్టుకోడు. మోకాళ్లమీద రెండు చేతులు. కుడిచేతి చిటికెనవేలు వంకర. చిన్నప్పుడు లోకోషెడ్డు తలుపు సందులో పడి నలిగిన వేలు.

అక్కడ కూర్చుని ఉన్నాడు, మెడ దాకా. నా ఫోల్డరులో ఉన్నట్టే.

గోడ పట్టుకున్నాను. మాలకొండమ్మ స్టూలు వేసి మంచినీళ్లిచ్చింది. ఇంతగా పాడైపోయిందే అక్కా అన్నాను. అబద్ధం. నా కంటికి అది పాడైపోలేదు.

ఫోన్‌తో తీయబోతే దండ అడ్డం, అద్దంమీద ట్యూబులైటు. కొంచెం కిందికి దించుతారా అని అడిగితే సరిపోయేది. నోరు రాలేదు. ఒకరు దండం పెట్టుకునే పటాన్ని, అది మా ఆయన, ఒకసారి దించండి అని ఏ మొహంతో అడగను.

పెంచలయ్య ముఖం ఇంకెక్కడన్నా ఉందా అన్నాను. గంగమ్మ తిరునాళ్ల ఫ్లెక్సీలో వేశారు, వలల కొట్టంలో ఉండాలి అంది. ఈ ఊళ్లో ఫ్లెక్సీని పారేయడం అనేది లేదు. పూరింటి కప్పుమీద ఒకటి, స్నానాల దడికి ఒకటి, ఎండుచేపల కింద ఒకటి. నేను డిజైన్ చేసిన మొదటి పుట్టినరోజు పిల్లాడు మేకల దొడ్డికి తలుపై ఉన్నాడు. వాడికిప్పుడు మీసాలొచ్చి ఉంటాయి. ఇక్కడికి నేను ముందే వచ్చి ఉంటే బాగుండేది. ఇన్నేళ్ల మా పని అంతా ఎండలోనూ వానలోనూ ఇంకా పనిచేస్తూనే ఉంది.

ఒక ఇంటి తలుపు తీసి ఉంది. లోపల జంట పటం. ముసలాయన, ముసలమ్మ. వాళ్లెవరో నాకు గుర్తులేదు. చీర నాది, పక్కనున్న పంచె రంగనాయకులుగారిది. మా ఇద్దరి భుజాలూ ఆనుకుని ఉన్నాయి. ఆ ఇంటావిడ బయటికొచ్చి ఎవరు కావాలమ్మా అంది. ఎవరూ కాదన్నాను.

కొట్టంలో గోడకు లోపలివైపు కట్టిన ఫ్లెక్సీలో దొరికాడు పెంచలయ్య. ఎండ తగలదు కాబట్టి రంగు మిగిలింది. గుండ్రటి చట్రంలో, తలకు తువ్వాలు చుట్టి, ఎండకు కళ్లు చికిలించి నవ్వుతున్నాడు. వలలు పక్కకు లాగించి పది రకాలుగా తీసుకున్నాను. మాలకొండమ్మ పక్కనే నిలబడి ఆ ముఖంమీది దుమ్ము కొంగుతో తుడిచింది.

ఫిబ్రవరి 23, ఆదివారం

అడగాల్సింది.

ఫిబ్రవరి 25, మంగళవారం

శివరాత్రి ఫ్లెక్సీలతో ఊపిరాడలేదు. కొత్త విండోస్ చక్కగా పనిచేస్తోంది, ఆ మాట ఒప్పుకోవాలి. మధ్యలో పెంచలయ్యను శుభ్రం చేశాను. ఫ్లెక్సీ గళ్లు తీసేసి, కళ్లకు వెలుగు తెచ్చాను. జడ్సన్ ఉంటే కళ్ల దగ్గర ఇంకా బాగా చేసేవాడు.

ఫిబ్రవరి 27, గురువారం

మాలకొండమ్మ వచ్చి తెరమీద ఫోటో చూసుకుంది. వేలితో తెరమీద తువ్వాలు అంచును తడిమింది. అద్దం మీద మరకవుతుందని నేను అనలేదు.

మెడ కింద ఏం పెట్టమంటావక్కా, పత్రికల్లోది మంచి చొక్కా ఒకటి వెతకనా అన్నాను.

"ఈసారి చొక్కా వద్దులేమ్మా. ముఖం చాలు" అంది.

పోతూ ఇంకో మాట చెప్పింది. ఈ కొత్తదానితోనే చిన్న పటం కూడా చేయించుకుంటుందట, ఇంట్లోకి. పాతది పడవ దిగే రోజున సముద్రంలో వదిలేస్తారు. చెడిన పటాలను చెత్తలో వేయకూడదు, గంగమ్మకే ఇవ్వాలి, అది వాళ్ల ఆనవాయితీ. మంచి పద్ధతక్కా అన్నాను. గుమ్మం దాకా వెళ్లి సాగనంపాను కూడా.

మార్చి 1, శనివారం

ఆలోచించాను. పటం వాళ్లది, వాళ్ల మనిషి జ్ఞాపకం, వాళ్ల ఆచారం. చిన్నప్పుడు లోకోషెడ్డులోనూ పెద్దయ్యాక పెరట్లోనూ నిలబడిన మనిషి సముద్రంలోకి పోతే తప్పేముంది. ఎలాగూ సమాధిలో ఉన్నాడు. నాకేమీ అక్కర్లేదు.

మార్చి 2, ఆదివారం

ఏంజెలిన్ వచ్చింది, నేరుగా షాపుకు. గోడమీది కోటు ఫోటో చూసి, డాడీకి ఇది నప్పలేదమ్మా, మార్చవా అంది. నేను లోపలికి వెళ్లి ఏడ్చాను. వెనకే వచ్చింది. ఫోల్డరు సంగతి చెప్పాను, పటం సంగతి చెప్పాను, మొత్తం చెప్పాను. అడుగు అమ్మా, అడిగితే ఏమవుతుంది అంది. అడగడం ఇప్పటి పిల్లలకు ఎంత తేలికో.

మార్చి 4, మంగళవారం

ప్రింట్లు వచ్చాయి. పెంచలయ్య బాగా వచ్చాడు.

మార్చి 6, గురువారం

ప్రింట్లు నేనే తీసుకెళ్లాను. అడుగుదామనే వెళ్లాను. ఆటోలో దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను.

ఒడ్డునంతా జనం. నీలంరంగు కొత్త పడవ, ముక్కుకు పసుపు, పూలు. పెంచలయ్య ఫ్లెక్సీని రెండు గెడలకు కట్టి నిలబెట్టారు. తువ్వాలు చుట్టుకుని, కళ్లు చికిలించి సముద్రంవైపు చూస్తున్నాడు. ఆయన తోటి ముసలివాళ్లు ఒక్కొక్కరే వచ్చి దాని ముందు నిలబడి మాట్లాడి పోతున్నారు. ఒకాయన, ఏం రా పెంచలా అని పలకరించాడు. మా పనికి ఇంతకంటే ఏం కావాలి. ఆ సంతోషంలో ఒక నిమిషం నా సంగతి మర్చిపోయాను.

కొబ్బరికాయ కొట్టారు. హారతి అయింది. పాత పటాన్ని పసుపు గుడ్డలో చుట్టి మాలకొండమ్మ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మధుబాబు వచ్చి దాన్ని అందుకున్నాడు. నేను కూర్చుకున్న మాటల్లో ఒక్కటీ రాలేదు. పడవలో ఎక్కాల్సినవాళ్లు ఎక్కుతున్నారు. మధుబాబు నీళ్లవైపు నడిచాడు, మోకాళ్ల దాకా దిగాడు. నేను ఇసకలో అలాగే నిలబడి, తడిసిపోతుందేమోనని ఆ గుడ్డనే చూస్తున్నాను. తడపడానికేగా తీసుకుపోయేది. అయినా అదే దిగులు.

మాలకొండమ్మ లేచింది. నన్ను చూసింది. ఎంతసేపు చూసిందో తెలియదు.

"రేయ్, దాన్ని ఇట్ట తీసకరా" అంది కొడుకుతో.

సముద్రంలో ఇడవాల గదమ్మా అన్నాడు మధుబాబు.

"మీ నాయన ముఖం తుఫాను నాడే నీళ్లు తీసకపోయినాయి. మిగిలింది మనది కాదు రా. ఈమెది."

మధుబాబుకు అర్థం కాలేదు, అయినా తెచ్చాడు. ఆమె గుడ్డ విప్పింది. అద్దంమీది బొట్టును కొంగుతో తుడిచింది. పటం నా చేతుల్లో పెట్టింది.

"ఆ చేతులు మా ఆయనవి కాదని మొదటి దినమే తెలుసు నాకు. వలతాడు లాగిన చేతులు అంత నున్నగా ఉంటాయా? పటం ఇచ్చేటప్పుడు మీ ఆయన వేలు చూసినా. ఇదే వేలు. ఏం చెప్తాంలే, మంచి చొక్కా తొడిగి పంపినాడు మా ఆయన్ని, అనుకున్నా. ఇన్నేళ్లు దణ్ణం పెట్టుకున్నప్పుడల్లా ఆ చేతులకి గూడా పెట్టుకున్నా. మీ షాపులో ఆయనకి ఎవుడిదో కోటు తగిలించుండావు. తీసకపో అమ్మణ్ణీ."

ఏడ్చాను. అంతమంది ముందు, సిగ్గులేకుండా. ఆమె నా వీపుమీద చెయ్యి వేసి నిలబడింది. పడవ నీళ్లలోకి దిగుతుంటే అందరూ గంగమ్మా అని కేకవేశారు. అది అల ఎక్కి నిలబడేదాకా ఇద్దరం చూశాం.

తిరిగొచ్చే ఆటో కిక్కిరిసి ఉంది. పటాన్ని ఒళ్లో నిలబెట్టుకుని కూర్చున్నాను. పక్కన రొయ్యల గంపతో ఉన్నావిడ దాన్నే చూస్తూ వచ్చింది. కొంతదూరం పోయాక ఉండబట్టలేక అడిగింది.

"ఎవురమ్మా ఈయన? ముఖమే కనపడదే."

"మా ఆయన" అన్నాను.

ఆమె గంపను కాళ్ల సందుకు జరుపుకుని, పటానికి చోటిచ్చింది.